గ్రూపు కలవని కిడ్నీ: టైటర్ లెక్క, రెండు వారాల కాపలా

అందరికీ నమస్కారం. సభలో డయాలసిస్ టెక్నీషియన్లున్నారు, నర్సులున్నారు, బ్లడ్ బ్యాంకు వాళ్లున్నారు, పేషెంట్ల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి కొత్త. కాస్త ఓర్చుకోండి.

బోర్డు మీద ఒక అంకె రాశాను చూడండి. 1:128. ఈ పూట మన మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. లెక్క కోసం ఒక కేసు అనుకుందాం. భర్తది ఓ గ్రూపు, బరువు 60 కిలోలు, వారానికి మూడుసార్లు డయాలసిస్. కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చిన భార్యది ఎ గ్రూపు. ఎ గ్రూపు మీదికి పోయే యాంటీబాడీలు ఆయన రక్తంలో ఎన్ని ఉన్నాయో ఆ 1:128 చెబుతుంది, దీన్నే టైటర్ అంటారు. ఆపరేషన్ రోజుకు దాన్ని 1:8కి దించాలి. ఎలా దించుతారు, దించేటప్పుడు ఏం చెడుతుంది, దించాక ఏం కాచుకోవాలి, అదే నేను చెప్పబోయేది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పాజిటివ్, నెగిటివ్ తేడా కిడ్నీకి లెక్కలోకి రాదు. ఆర్‌హెచ్ పదార్థం ఎర్రకణాల మీదే ఉంటుంది, కిడ్నీ రక్తనాళాల మీద ఉండదు. 'మా అన్నయ్యది ఓ పాజిటివ్, నాది ఓ నెగిటివ్, కుదరదన్నారు' అని ఎవరైనా అంటే, అలా అన్నవాళ్లెవరో గానీ డాక్టరై ఉండరు. ఎ, బి మాత్రం వేరు. ఆ చక్కెర గుర్తులు ఎర్రకణాల మీదే కాదు, కిడ్నీ రక్తనాళాల లోపొర అంతటా ఉంటాయి. ఓ గ్రూపు మనిషికి ఆ రెండు గుర్తులూ లేవు. పుట్టిన కొన్ని నెలల్లోనే పేగుల్లోని సూక్ష్మజీవుల మీద అలాంటి చక్కెరలే కనబడి, వాటి మీద యాంటీబాడీలు తయారవుతాయి. ఎప్పుడూ రక్తం ఎక్కించుకోకపోయినా సరే, ఇవి ఉంటాయి. ఓ వాళ్లలో ఐజీఎం రకంతో పాటు ఐజీజీ రకం కూడా దండిగా ఉంటుంది. అందుకే ఈ చికిత్సలో ఎక్కువ కష్టపెట్టేది ఓ గ్రూపు పేషెంట్లే.

ఏ ఏర్పాటూ లేకుండా ఎ కిడ్నీని ఓ మనిషికి పెడితే ఏమవుతుంది? రక్తనాళానికి బిగించిన క్లాంపు తీయగానే కిడ్నీ గులాబీ రంగుకొచ్చి బిగుస్తుంది. యాంటీబాడీలు రక్తనాళాల లోపొరకు అతుక్కుంటాయి, కాంప్లిమెంట్ వ్యవస్థ, అంటే రక్తంలోని రక్షణ ప్రోటీన్ల దండు, రగులుతుంది, సన్న నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. కొన్ని నిమిషాల్లోనో గంటల్లోనో అదే కిడ్నీ నీలం తిరిగి మెత్తబడుతుంది. అలా పోయిన కిడ్నీని బయటికి తీయడమే, వేరే వైద్యం లేదు.

ఈ గోడ దాటిన కథ పొడుగ్గా చెప్పను. 1980లలో బ్రస్సెల్స్‌లో గీ అలెగ్జాండర్ బృందం యాంటీబాడీలుండే ప్లాస్మాను, అంటే రక్తంలో కణాలు పోను మిగిలే ద్రవాన్ని, మార్చి, ప్లీహం కూడా తీసేసి ఈ ఆపరేషన్లు వరసగా చేసింది. బ్రెయిన్ డెడ్ దాతలు బాగా అరుదైన జపాన్‌లో 1989 నుంచి దీన్ని పట్టుకున్నారు. ఇప్పుడక్కడ బతికున్న దాతల కిడ్నీ మార్పిడుల్లో ఇది మామూలు సంగతి. 2001లో స్టాక్‌హోమ్‌లో టైడెన్ బృందం ప్లీహం తీయడం మానేసి, ఆ స్థానంలో రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ తెచ్చింది. ఇవాళ మన దగ్గర చేసేది ఆ పద్ధతికి కొద్ది కొద్ది మార్పులతోనే.

ఇక టైటర్. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం, సగం గొడవలు ఇక్కడే పుడతాయి. పేషెంటు సీరం ఒక పాలు, సెలైన్ ఒక పాలు కలిపితే మొదటి ట్యూబు 1:2. అందులోంచి సగం తీసి మళ్లీ అంతే సెలైన్‌లో కలిపితే 1:4. ఇలా 8, 16, 32, 64, 128 దాకా సగం సగం పల్చన చేసుకుంటూ పోతారు. ప్రతి ట్యూబులో ఎ గ్రూపు ఎర్రకణాలు వేస్తారు. గది వేడిమిలో గుత్తులు కడితే అది ఐజీఎం లెక్క. ఐజీజీ కోసమైతే ముందు డీటీటీ అనే రసాయనంతో ఐజీఎంను విరగ్గొట్టి, 37 డిగ్రీల దగ్గర ఉంచి, కణాలకు అంటుకున్న యాంటీబాడీలను పట్టి చూపే కూంబ్స్ సీరం వేసి చూస్తారు. గుత్తులు కనబడిన ఆఖరి ట్యూబే టైటర్. మన కేసులో అది ఏడో ట్యూబు.

తప్పు ఎక్కడ జరుగుతుంది? ట్యూబు ట్యూబుకీ పిపెట్ టిప్ మార్చకపోతే వెనకటి చిక్కటి సీరం కొసకు అంటుకుని ముందుకు పోతుంది, టైటర్ లేనంత ఎక్కువగా కనబడుతుంది. జెల్ కార్డు పద్ధతిలో చేస్తే ట్యూబు పద్ధతి కన్నా ఒకటి రెండు మెట్లు ఎక్కువే చూపిస్తుంది, ఒక మెట్టంటే రెట్టింపు. ఒక ల్యాబులో 1:64 వచ్చి, ఇంకో ల్యాబులో 1:256 వస్తే పేషెంటుకు ఏదో అయిందని కంగారు పడకండి, ముందు పద్ధతి అడగండి. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే ల్యాబు, ఒకే పద్ధతి, వీలైతే ఒకే టెక్నీషియన్. దాత ఎర్రకణాలే వాడితే ఇంకా మంచిది.

దాత ఎ గ్రూపైతే ఎ1నా, ఎ2నా అన్నది కూడా చూడాలి. ఎ2 కణాల మీద గుర్తులు తక్కువ, కిడ్నీలోనూ తక్కువే, కాబట్టి దారి సులువు. మన జనంలో ఎ2 తక్కువే గానీ ఉంటే వదులుకోకూడదు. ఈ తేడా పట్టించే యాంటీ ఎ1 రసాయనం ఎక్కడిదో తెలుసా? ఉలవలదే. ఉలవ గింజల్లోని ఒక ప్రోటీను ఎ1 కణాలను గుత్తులు కట్టిస్తుంది, పల్చన చేసి వాడితే ఎ2ను ముట్టుకోదు. ఉలవచారు తాగితే గ్రూపు తెలుస్తుందా అని మాత్రం అడక్కండి. (నవ్వులు)

ఇప్పుడు 128 నుంచి 8కి దిగాలి. 64, 32, 16, 8. నాలుగు మెట్లు. మెట్టుకో ప్లాస్మా మార్పిడి అనుకుంటే నాలుగు సెషన్లతో అయిపోవాలి కదా? అవదు. ఎందుకంటే ఇది ఊట బావి. ఒంట్లోని ఐజీజీ మొత్తంలో రక్తంలో ఉండేది సగానికి తక్కువే, మిగతాది కణజాలంలో ఉంటుంది. ఒక ప్లాస్మా పరిమాణం మార్చితే రక్తంలోది అరవై శాతం పైగా పోతుంది, మర్నాటికి కణజాలంలోంచి ఊరి మళ్లీ కొంత నిండుతుంది. అందుకే రోజు విడిచి రోజు చేస్తారు, మన కేసుకు అయిదారు సెషన్లు అనుకోవడం న్యాయం. ఐజీఎం ఎక్కువగా రక్తంలోనే ఉంటుంది కాబట్టి త్వరగా దిగుతుంది.

ప్లాస్మా ఎంత మార్చాలి? బరువును 70తో గుణిస్తే రక్తం మిల్లీలీటర్లలో వస్తుంది: 60 కిలోలకు 4200. హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 28 అయితే అందులో 72 శాతం ప్లాస్మా, అంటే సుమారు 3 లీటర్లు. తీసిన 3 లీటర్ల చోట 5 శాతం ఆల్బుమిన్, అంటే ప్లాస్మాలోని ముఖ్యమైన ప్రోటీను ద్రావణం, పోయాలి. మన దగ్గర దొరికేది 20 శాతం సీసాలు, 100 మిల్లీలీటర్లవి. ఒక పాలు ఆల్బుమిన్‌కు మూడు పాళ్లు నార్మల్ సెలైన్: 750 మిల్లీలీటర్ల ఆల్బుమిన్, 2250 సెలైన్. సెషన్‌కు ఏడున్నర సీసాలన్నమాట. ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్తాను. పల్చన చేసేది సెలైన్‌తోనే, ఇంజెక్షన్ నీళ్లతో ఎప్పుడూ కాదు. వట్టి నీళ్లు కలిపితే ఎర్రకణాలు ఉబ్బి పగిలిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. రెండు సీసాలూ చూడ్డానికి ఒక్కలా ఉంటాయి, అదే ప్రమాదం.

సెషన్ నడుస్తుండగా పెదాల చుట్టూ చీమలు పాకినట్టుందని, వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయని పేషెంటు అంటే, రక్తం గడ్డకట్టకుండా వాడే సిట్రేట్ కాల్షియాన్ని పట్టేస్తోందని అర్థం. వేగం తగ్గించి, కాల్షియం గ్లూకోనేట్ ఇస్తే సర్దుకుంటుంది. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మాత్రలు ఒకటి రెండు రోజుల ముందే ఆపాలి, లేకపోతే ఆల్బుమిన్‌తో కలిసి బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఎ, బి యాంటీబాడీలను మాత్రమే పట్టుకునే కాలమ్స్ ఉన్నాయి. వాటితో మిగతా ప్రోటీన్లన్నీ మిగులుతాయి, ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. రెండు ఫిల్టర్ల పద్ధతిలో ఆల్బుమిన్ తక్కువ పడుతుంది. ఏది వాడాలన్నది యూనిట్ అలవాటు, పేషెంటు జేబు రెండూ చూసుకుని తేల్చుకునే విషయం.

బావి తోడటం ఒకటైతే, కొత్తగా నీరు రాకుండా చూడటం ఇంకొకటి. దానికి రిటుక్సిమాబ్, రెండు నుంచి నాలుగు వారాల ముందు. మొదట్లో శరీర విస్తీర్ణంలో చదరపు మీటరుకు 375 మిల్లీగ్రాములు ఇచ్చేవారు, ఇప్పుడు చాలాచోట్ల మొత్తం 200తో సరిపెడుతున్నారు. ఇది బి కణాలను, అంటే యాంటీబాడీలు చేసే కణాలుగా ఎదిగే తెల్లకణాలను, చంపుతుంది; బి గ్రూపుతో దీనికి సంబంధం లేదు. ఇప్పటికే యాంటీబాడీలు తయారు చేస్తున్న ప్లాస్మా కణాల జోలికి మాత్రం పోదు, ఈ మందు పట్టుకునే సీడీ20 గుర్తు వాటి మీద లేదు. కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చాక టైటర్ వెంటనే దిగలేదని నిరాశపడకండి. దాని పని ఆపరేషన్ తర్వాత కొత్త పంట మొలవకుండా చూడటం.

రిటుక్సిమాబ్‌కు మూడు జాగ్రత్తలు. ఇచ్చిన రెండు మూడు రోజుల దాకా ప్లాస్మా మార్చకూడదు, మార్చితే మందు సంచిలోకి పోతుంది. ఇచ్చే ముందు హెపటైటిస్ బి ఉపరితల యాంటిజెన్ ఒక్కటే సరిపోదు, కోర్ యాంటీబాడీ కూడా చూడాలి. ఎప్పుడో వచ్చి తగ్గి లివర్‌లో నిద్రపోతున్న వైరస్ ఈ మందుతో లేచి కూర్చుంటుంది. హెపటైటిస్ బి, న్యుమోకోకల్ టీకాలు ముందే పూర్తి చేయాలి, తర్వాత కనీసం ఆరు నెలలు టీకా సరిగ్గా పట్టదు. ఇంకోటి, క్రాస్ మ్యాచ్ (దాత కణాలకు పేషెంటు సీరం పడుతుందా అని చూసే పరీక్ష) చేసే ల్యాబుకు చీటీలో రాసి పంపండి. రిటుక్సిమాబ్ బి కణాలకు అతుక్కుని ఉండటం వల్ల బి సెల్ క్రాస్ మ్యాచ్ పాజిటివ్ అని తప్పుగా వస్తుంది. ఆ ఒక్క ముక్క రాయకపోవడం వల్ల ఆపరేషన్లు ఊరికే వాయిదా పడతాయి.

ఆపరేషన్‌కు వారం పది రోజుల ముందు నుంచే రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసలోన్ మొదలు. కొన్ని యూనిట్లు ప్రతి ప్లాస్మా మార్పిడి తర్వాత కిలోకు 100 మిల్లీగ్రాముల ఐవీఐజీ, అంటే నరానికెక్కించే యాంటీబాడీల మందు, ఇస్తాయి. గుర్తుంచుకోవాల్సింది, ఐవీఐజీ వేలమంది దాతల ప్లాస్మాతో చేసింది. అందులోనూ యాంటీ ఎ, యాంటీ బి ఉంటాయి. ఇచ్చిన మర్నాడు టైటర్ ఒక మెట్టు ఎక్కితే ఆశ్చర్యపోకండి.

ఆఖరి సెషన్ ఆపరేషన్ ముందు రోజు. అప్పుడు ఆల్బుమిన్ ఒక్కటే పోస్తే కుదరదు. ప్లాస్మాతో పాటు రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ కూడా పోయి ఉంటుంది, మర్నాడు కుట్లు వేసిన చోటల్లా రక్తం ఊరుతుంది. అందుకే ఆ రోజు ఎఫ్ఎఫ్‌పీ, అంటే దాతల నుంచి తీసి గడ్డకట్టించి దాచిన ప్లాస్మా, కలిపి ఇస్తారు. బ్లడ్ బ్యాంకు వాళ్లు ఇటు వినాలి. అలవాటు కొద్దీ 'పేషెంటు ఓ, కాబట్టి ఓ ప్లాస్మా' అని పంపారనుకోండి, ఓ ప్లాస్మాలో యాంటీ ఎ నిండా ఉంటుంది. అయిదు సెషన్లలో తోడిపోసింది ఒక్క గంటలో తిరిగి పోసినట్టే. ఎ గ్రూపు కిడ్నీ వచ్చే ఓ గ్రూపు పేషెంటుకు ప్లాస్మా ఎబి ఇవ్వాలి, లేదా ఎ ఇవ్వాలి. ప్లేట్‌లెట్లు కూడా అంతే. ఎర్రకణాలు మాత్రం ఓ ఒక్కటే. ఎబి దాతలు తక్కువ కాబట్టి ఆ సంచులు రెండు వారాల ముందే చెప్పి పెట్టుకోవాలి. ఈ లెక్క ఒక కాగితం మీద పెద్దక్షరాల్లో రాసి కేస్ షీట్ మొదటి పేజీకి అంటించండి, రాత్రి డ్యూటీకి వచ్చే కొత్త పిల్లాడికి కూడా కనబడాలి.

ఆపరేషన్ థియేటర్లో మాత్రం వేరే ఏమీ ఉండదు. దాతకు ఇందులో ఏమీ మారదు, అవే పరీక్షలు, అదే లాప్రోస్కోపీ. తీసిన కిడ్నీని చల్లటి ద్రవంతో కడిగేస్తారు, దాత రక్తం అందులో మిగలదు.

తర్వాత రెండు వారాలు కాపలా. మొదటి వారం రోజూ టైటర్, రెండో వారం రోజు విడిచి రోజు. చాలా యూనిట్లు పెట్టుకున్న గీత ఇది: మొదటి వారం 1:8 దాటకూడదు, రెండో వారం 1:16 దాటకూడదు. దాటితే మళ్లీ ప్లాస్మా మార్పిడి. టైటర్ పెరుగుతూ, మూత్రం తగ్గుతూ, ప్లేట్‌లెట్లు పడిపోతూ, కణాలు దెబ్బతింటే పెరిగే ఎల్‌డీహెచ్ ఎక్కువవుతుంటే రిపోర్టుల కోసం కూర్చోకుండా బయాప్సీకి పంపాలి.

రెండు వారాలు దాటాక ఒక వింత జరుగుతుంది. యాంటీబాడీలు తిరిగొస్తాయి, ఎ గుర్తులు కిడ్నీలో అలాగే ఉంటాయి, అయినా కిడ్నీ దెబ్బతినదు. రక్తనాళాల లోపొర సర్దుకుపోతుంది. దీన్ని అకామడేషన్ అంటారు. అత్తగారింట్లో కొత్త కోడలు అనుకోండి, మొదటి పక్షం గడిస్తే చాలు. బయాప్సీలో సీ4డీ మరక (యాంటీబాడీలు కాంప్లిమెంట్‌ను రగిలించిన జాడ) పాజిటివ్ వచ్చినా, ఈ గ్రూపు కలవని కిడ్నీల్లో అది సర్వసాధారణం. మామూలు మార్పిడిలో అది చూసి భయపడాలి, ఇక్కడ సన్న నాళాల్లో వాపు కణాలున్నాయా, గడ్డలున్నాయా అన్నదే చూడాలి. మూడో నెలలో టైటర్ 1:64 వచ్చిందని, క్రియాటినిన్ బాగానే ఉన్నా మళ్లీ ప్లాస్మా మార్చమని కూర్చునే కుటుంబాలుంటాయి. అక్కర్లేదు.

ఇంతసేపూ యాంటీబాడీ గురించే మాట్లాడాం, అందరూ భయపడేది దానికే కాబట్టి. నా లెక్కలో అసలు భయం వేరే చోట ఉంది. 2018లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఏడాది తర్వాత కిడ్నీ పనిచేస్తున్నవాళ్లు గ్రూపు కలిసినవాళ్లలో 98 శాతం, కలవనివాళ్లలో 96 శాతం. తేడా రెండే. కానీ చనిపోయినవాళ్లు ఎందుకు చనిపోయారని చూస్తే, కారణం తెలిసినవాళ్లలో గ్రూపు కలవనివాళ్లలో 49 శాతం ఇన్ఫెక్షన్లతోనే, కలిసినవాళ్లలో 13 శాతం. యాంటీబాడీని అణచడానికి మనం వేసిన మందులే తలుపు తీసి పెడుతున్నాయి. ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్, వాల్‌గాన్‌సిక్లోవిర్ మాత్రలు 'బాగానే ఉన్నాను కదా' అని ఆపేయకూడదు. కొత్త కిడ్నీని దెబ్బతీసే బీకే వైరస్‌కు మొదటి నెలల్లో నెలనెలా పీసీఆర్ చేయాలి, అది కనబడితే అణచే మందులే తగ్గించాలి తప్ప దానికి సూటిగా పనిచేసే మందు లేదు. మన దేశంలో టీబీ ఎటూ ఉండనే ఉంది. సాయంత్రం జ్వరం, పది రోజుల దగ్గు, బరువు తగ్గడం, వీటిలో ఏదొచ్చినా ఊళ్లో డాక్టరు దగ్గర యాంటీబయాటిక్ కోర్సుతో సరిపెట్టకుండా ట్రాన్స్‌ప్లాంట్ యూనిట్‌కు ఫోన్ చేయండి.

అందుకే గ్రూపు కలవలేదనగానే ప్లాస్మా మార్పిడికి పరుగెత్తకుండా ముందు స్వాప్ అడగండి. ఒక జంటలో కిడ్నీ కావలసిన భర్త బి, ఇచ్చే భార్య ఎ అనుకుందాం. ఇంకో జంటలో భర్త ఎ, భార్య బి. కిడ్నీలు అటూ ఇటూ మార్చుకుంటే రెండూ గ్రూపు కలిసిన ఆపరేషన్లే. 2011లో సవరించిన కేంద్ర చట్టం దగ్గరి బంధువులైన జంటల మధ్య దీన్ని ఒప్పుకుంటుంది. తాత, నాయనమ్మ, అమ్మమ్మ, మనవలు దగ్గరి బంధువుల్లోకి వచ్చింది కూడా ఆ సవరణతోనే. తెలంగాణ ఆ చట్టాన్ని స్వీకరిస్తూ 2025 మార్చిలో శాసనసభ తీర్మానం చేసింది. రెండు జంటల ఆపరేషన్లూ ఒకే రోజు పెట్టుకోవాలి, ఒకరిది అయ్యాక ఇంకొకరు మనసు మార్చుకుంటే చేసేదేం లేదు. ఎ, బి జంటలకు స్వాప్ బాగా కుదురుతుంది. ఓ గ్రూపు పేషెంటు మాత్రం జాబితాలో మిగిలిపోతాడు. ఓ గ్రూపు దాత ఎవరికైనా నేరుగా ఇవ్వగలడు, ఇక స్వాప్ దాకా ఎందుకొస్తాడు? బ్రెయిన్ డెడ్ దాతల అవయవాలు పంచే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని, స్వాప్‌కు కొన్నాళ్లు చూసి, అప్పుడు ఈ దారి. మన లెక్కలోని భర్తలాంటి ఓ గ్రూపు వాళ్ల కోసమే ఈ చికిత్స ఉంది.

ఇక ప్రశ్నలు.

(ప్రశ్న: ఎ గ్రూపు కిడ్నీ పెట్టాక ఆయన గ్రూపు మారుతుందా?)

మారదమ్మా. రక్తం తయారయ్యేది ఎముక మజ్జలో. ఆయన జీవితాంతం ఓనే.

(ప్రశ్న: కిడ్నీ కావలసింది భార్యకు, ఇచ్చేది భర్త అయితే తేడా ఉందా సార్?)

ఉంది. పిల్లల్ని కన్న తల్లికి భర్త హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండే సొంత గుర్తులు) మీద యాంటీబాడీలు వచ్చి ఉండవచ్చు, కడుపులో బిడ్డ ద్వారా. గ్రూపు టైటర్ చూసే ముందే క్రాస్ మ్యాచ్, డీఎస్ఏ (ఆ దాత మీదికే పోయే యాంటీబాడీల) పరీక్షలు చేయించాలి. గ్రూపూ కలవక, అదీ కలవకపోతే ఆ దాతను పక్కన పెట్టడమే మేలని నేనంటాను.

(ప్రశ్న: టైటర్ 1:1024 ఉందన్నారు. ఎన్ని సెషన్లు పడతాయి?)

మెట్లు లెక్కపెడితే ఏడు. సెషన్లు పది దాటినా దిగకపోవచ్చు, దిగినా ఆపరేషన్ తర్వాత ఎగిరి కూర్చునే ప్రమాదం ఎక్కువ. చాలా యూనిట్లు అక్కడ వద్దనే అంటాయి. ముందు అది ట్యూబా, జెల్లా అడగండి. ట్యూబులోనూ అంతే వస్తే స్వాప్.

(ప్రశ్న: సెషన్లు మొదలయ్యాక జ్వరం వస్తే?)

ఆపరేషన్ వాయిదా. సెషన్లకు పెట్టిన డబ్బు పోతుందే అని బాధ ఉంటుంది, అయినా వాయిదానే. ప్లాస్మాతో పాటు మిగతా రక్షణ యాంటీబాడీలు కూడా పోయి ఉన్న మనిషికి జ్వరంతో ఆపరేషన్ చేయకూడదు. ముందు సెషన్ల కోసం కాథెటర్ గొట్టం పెట్టిన చోట చూడండి, చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతుంది. రిటుక్సిమాబ్ మళ్లీ మొదటి నుంచి ఇవ్వాల్సిన పని లేదు, సెషన్లు మాత్రం మళ్లీ లెక్కపెట్టుకోవాలి.

(ప్రశ్న: నాకు కిడ్నీ ఇచ్చే మా అన్నది ఓ, నాది ఎ. మాకు ఈ గొడవేమీ లేనట్టే కదా?)

కిడ్నీకి లేదు బాబూ, గ్రూపు కలిసినట్టే. చిన్న మెలిక ఒకటుంది. మీ అన్న కిడ్నీతో పాటు ఆయన లింఫోసైట్లు కొన్ని ప్రయాణం చేస్తాయి, అవి నీ ఎ ఎర్రకణాల మీద యాంటీబాడీ తయారు చేయవచ్చు. ఒకటి నుంచి మూడు వారాల మధ్య రక్తస్రావం ఏమీ లేకుండా హిమోగ్లోబిన్ పడిపోతే, కళ్లు పచ్చబడితే, కూంబ్స్ పరీక్ష చేయించమని అడుగు. చాలావరకు కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. మధ్యలో రక్తం ఎక్కించాల్సి వస్తే మాత్రం నీది ఎ కదా అని ఎ తెప్పించకూడదు, ఓ ఎర్రకణాలే ఎక్కించాలి.